వంద కోట్ల గంటలకు ఒకసారి

(వేర్వేరు విభాగాల పరిశోధక విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సభకు పిలిచినప్పుడు అంశం ఏమిటని అడిగాను. విమాన ఇంజనీరింగ్ నుంచి నైతికత, విశ్వాసం, ప్రజా విధానం దాకా అన్నారు. అంత పెద్ద అంశం మీద మాట్లాడమంటే ఎవరికైనా టెన్షనే. నాలుగు సబ్జెక్టులకూ తలా పదిహేను నిమిషాలు పంచి చెప్పొచ్చు. కానీ అలా చెబితే ఇంజనీర్లు తమ పదిహేను నిమిషాలూ విని ఊరుకుంటారు, తత్వశాస్త్రం వాళ్లు తమ వంతు వచ్చేదాకా ఎదురుచూస్తారు. అందుకని ఒకే ఒక్క అంకెను పట్టుకుని బయల్దేరతాను. అది మనల్ని ఎక్కడెక్కడికి తీసుకెళ్తుందో చూద్దాం.

చాలా ఏళ్ల కిందటి మాట. క్లాసులో విమాన భద్రత పాఠం చెబుతున్నాను. విమానాన్ని కూల్చేయగల లోపం ఏదైనా సరే, వంద కోట్ల గంటల ప్రయాణంలో ఒకసారికి మించి వచ్చే అవకాశం ఉండకూడదన్నది నియమం. బోర్డు మీద పది పవర్ మైనస్ తొమ్మిది అని రాసి, కింద గీత గీసి, లెక్కలోకి వెళ్లబోతున్నాను. ఒక అమ్మాయి లేచి, "సార్, ఈ తొమ్మిది ఎవరు పెట్టారు?" అని అడిగింది. "అది రూల్ అమ్మా" అని చెప్పి పాఠం కొనసాగించాను. ఆ అమ్మాయి కూర్చుంది. ఆమె అడిగిన దానికి నేను జవాబు చెప్పలేదని ఇద్దరికీ తెలుసు. ఆ రాత్రి పాత డాక్యుమెంట్లు తీశాను. అన్నేళ్లు ఆ పాఠం చెప్పినా ఆ పేజీ దాకా నేనెప్పుడూ వెళ్లలేదు.

ఆ లెక్క ఇది. ఇందులో పెద్ద గణితమేమీ లేదు, అందరికీ అర్థమవుతుంది. ఈ నియమాలు రాసే నాటికి ఉన్న అనుభవం ప్రకారం, తీవ్రమైన ప్రమాదాలు సుమారు పది లక్షల గంటల ప్రయాణానికి ఒకటి చొప్పున జరిగేవి. వాటిలో విమానంలోని సిస్టమ్‌లు చెడిపోవడం వల్ల జరిగేవి పదో వంతు. అంటే సిస్టమ్‌లన్నీ కలిపి కోటి గంటలకు ఒక ప్రమాదం. కొత్తగా తయారుచేసే విమానం పాతవాటికన్నా అధ్వాన్నంగా ఉండకూడదు కాబట్టి, ఆ కోటి గంటలనే హద్దుగా పెట్టుకున్నారు. మరి ఒక్కో లోపానికి ఎంత? విమానాన్ని కూల్చగల లోపాలు ఒక్కో విమానంలో వంద దాకా ఉంటాయని అనుకున్నారు. కోటిని వందతో హెచ్చవేస్తే వంద కోట్లు. అంతే.

ఆ వంద ఎక్కడిదంటారా? ఎవరూ లెక్కపెట్టలేదు. ఊరికే అనుకున్న సంఖ్య అని ఆ వివరణలోనే నిజాయితీగా రాసి ఉంది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కోపం రాలేదు. ఏదో బరువు దిగినట్టనిపించింది. అప్పటిదాకా ఆకాశం నుంచి ఊడిపడిందనుకున్న అంకె, ఒక టేబుల్ చుట్టూ కూర్చున్న మనుషులు ఆలోచించి, తర్జనభర్జన పడి, ఎక్కడో ఒకచోట ఆగాలి కాబట్టి ఆగిన చోటు అని తెలిసింది.

వంద కోట్ల గంటలంటే సుమారు 1,14,000 ఏళ్లు. ఏ ఒక్క విమానాన్నీ అంతకాలం ఎగరేసి చూడలేం. ఏ ల్యాబూ అంతకాలం పరీక్ష నడపలేదు. చెప్పానుగా, ఇది మనుషులు కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందం. ఆ ఒప్పందం పనికిరాదని నేను అనడం లేదు. విమాన ప్రయాణం ఇవాళ ఇంత భద్రంగా ఉందంటే అందులో ఆ అంకె పాత్ర చాలా ఉంది. కానీ ఆ మెట్లను మళ్లీ ఒకసారి దిగి చూడండి. పాతవాటికన్నా అధ్వాన్నం కాకపోతే చాలు అన్నారే, ఆ "చాలు" అన్నది నైతిక నిర్ణయం. ఎవరి తరఫున అన్నారు? రేటు అలాగే ఉండి, విమానాలు మాత్రం రెట్టింపైతే ప్రమాదాల సంఖ్య కూడా రెట్టింపవుతుంది. అప్పుడు కూడా చాలా? అది ప్రజా విధానం. మేం ఇంజనీర్లం ఈ మెట్లన్నీ వదిలేసి చివరి అంకెను మాత్రం టెక్స్ట్‌బుక్కులో అచ్చేసుకున్నాం.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఇలాంటి ప్రతి అంకె వెనకా ఎవరో తీసుకున్న నిర్ణయం ఉంటుంది, దాని బరువు మోసేది ఇంకెవరో అయి ఉంటారు. మన పరిశోధన ఆ ఇద్దరి దాకా వెళ్లాలి. మధ్యలో డిపార్ట్‌మెంటు గోడ అడ్డొచ్చిందని ఆగిపోకూడదు.

ఆగిపోతే ఏమవుతుందో ఈ మధ్య కాలంలోనే చూశాం. బోయింగ్ 737 మ్యాక్స్ సంగతి మీ అందరికీ తెలుసు. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ విమానం, 2019 మార్చి 10న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం. మొదటి దానిలో 189 మంది, రెండో దానిలో 157 మంది చనిపోయారు. పాత డిజైన్‌కు పెద్ద ఇంజన్లు బిగించారు. అవి రెక్క కింద ఇంకాస్త ముందుకు, ఇంకాస్త పైకి వచ్చాయి. దాంతో కొన్ని పరిస్థితుల్లో విమానం ముక్కు పైకి లేచే స్వభావం వచ్చింది. దాన్ని సరిచేయడానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది దానంతట అదే తోక దగ్గరి అడ్డ రెక్కను కదిలించి ముక్కును కిందికి దించుతుంది.

ఇక్కడ ఒక చిన్న పట్టిక ఉంటుంది. భద్రత లెక్కలు చేసేవాళ్లకు అది రోజూ చూసే పట్టికే. లోపం వస్తే ఫలితం ఎంత తీవ్రం? "మేజర్" అంటే ఒక గడి, "హజార్డస్" అంటే ఇంకో గడి, "కెటాస్ట్రాఫిక్" అంటే చివరి గడి. వంద కోట్ల గంటల నియమం వర్తించేది ఆ చివరి గడికే. ఎంక్యాస్ తప్పుగా పనిచేస్తే మామూలు ప్రయాణంలో దాన్ని "మేజర్" గడిలో వేశారు. ఎందుకంటే పైలట్లు మూడు నాలుగు సెకన్లలో గుర్తించి సరిచేస్తారని అనుకున్నారు. ఆ గడిలో పడింది కాబట్టి, ముక్కు గాలికి ఏ కోణంలో ఉందో చెప్పే సెన్సార్ ఒకే ఒక్కటి చాలన్నారు. విమానం ముక్కుకు రెండు పక్కలా సెన్సార్లు ఉన్నాయి, కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒకదాని మాటే వినేది. మొదట ఆ సాఫ్ట్‌వేర్ తోక రెక్కను 0.6 డిగ్రీలు మాత్రమే కదిలించగలిగేది. తర్వాత దాన్ని 2.5 డిగ్రీలకు పెంచారు. పైలట్ల మాన్యువల్లో దాని ఊసే లేదు.

ఆ మూడు సెకన్ల గురించి ఆలోచించండి. కాక్‌పిట్‌లో ఒకేసారి నాలుగైదు హెచ్చరికలు మోగుతున్నాయి. చేతిలోని కంట్రోల్ గడగడా వణుకుతోంది. వేగం గురించి ఒక మీటరు ఒకటి చెబుతుంటే ఇంకో మీటరు ఇంకొకటి చెబుతోంది. అసలు ఉందని కూడా తెలియని సాఫ్ట్‌వేర్ ముక్కును కిందికి తోస్తోంది. ఆ స్థితిలో ఉన్న మనిషికి మూడు సెకన్లు చాలని లెక్కలో రాశారు. అది మనస్తత్వ శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. ఆ గడిలో టిక్కు పెట్టిన చోట ఆ శాస్త్రం చదివినవాళ్ల మాటకు ఎంత విలువుందన్నది సంస్థల నడతకు సంబంధించిన ప్రశ్న. తయారీదారు సంస్థ ఉద్యోగులకే ప్రభుత్వం తరఫున తనిఖీ చేసే అధికారం అప్పగించడం సబబేనా అన్నది ప్రజా విధానం. మొదటి ప్రమాదం తర్వాత అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఒక లెక్క వేసుకుంది. దీన్ని సరిచేయకపోతే ఈ విమానాలన్నిటి జీవితకాలంలో మరో 15 ప్రమాదాలు జరగొచ్చని తేలింది. ఆ లెక్క వేసింది 2018 డిసెంబర్‌లో. విమానాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి. మార్చిలో రెండోది కూలాకే ప్రపంచమంతటా ఆపేశారు.

ఆ 15 అన్న అంకె చూసినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. సాఫ్ట్‌వేర్ మార్పు త్వరలో వచ్చేస్తుందని, అప్పటిదాకా పైలట్లకు సూచనలు పంపితే సరిపోతుందని అనుకున్నారు. కానీ ఆ అంకె ప్రయాణికుల దాకా వెళ్లలేదు. టికెట్ కొన్నవాడికి ఆ సంగతి తెలియదు.

అయితే అన్నిసార్లూ తప్పు ఎవరిదో ఇలా వేలుపెట్టి చూపించలేం. ఇప్పుడు చెప్పబోయే దానిలో నేను ఈ రోజుకీ ఏ పక్షమో తేల్చుకోలేకపోయాను.

1989 జులై 19. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232. డీసీ-10 విమానం తోకలోని ఇంజన్ పగిలి, ఆ ముక్కలు కంట్రోళ్లను పనిచేయించే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ కోసేశాయి. పైలట్ల చేతిలో కంట్రోళ్లు లేవు. మిగిలిన రెండు ఇంజన్ల వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ అమెరికాలోని సూ సిటీ విమానాశ్రయం దాకా తీసుకొచ్చారు. విమానంలో ఉన్న 296 మందిలో 184 మంది బతికారు. ఇంజనీర్లు దాన్ని ఒక అద్భుతంగా చెప్పుకుంటారు, నేనూ చెబుతాను. కానీ ఆ విమానంలో సీటు లేకుండా తల్లుల ఒళ్లో కూర్చున్న పసిపిల్లలు నలుగురున్నారు. రెండేళ్లలోపు పిల్లలకు విడిగా సీటు అక్కర్లేదన్నది నియమం. నేలను తాకే ముందు, పిల్లలను కాళ్ల దగ్గర నేల మీద పెట్టి పట్టుకోమని క్యాబిన్ సిబ్బంది చెప్పారు. అప్పటి పద్ధతి అదే. నలుగురిలో ఒక బిడ్డ చనిపోయాడు. బయటపడిన ఆ తల్లి, సిబ్బందిలో ఆ మాట చెప్పిన ఆమెకు ఎదురుపడింది. మీరు కింద పెట్టమన్నారు, పెట్టాను, ఇప్పుడు నా బిడ్డ లేడు అంది. ఆ ఉద్యోగిని ఆ తర్వాత ఏళ్ల తరబడి, పిల్లలకు కూడా సీటూ బెల్టూ తప్పనిసరి చేయాలని పోరాడింది. ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ కూడా అదే సిఫార్సు చేస్తూ వచ్చింది.

2005లో ఎఫ్ఏఏ కాదంది. ఎందుకు? సీటు తప్పనిసరి చేస్తే టికెట్ కొనాలి. ఖర్చు పెరిగితే కొన్ని కుటుంబాలు విమానం మానేసి కారులో వెళ్తాయి. రోడ్డు మీద ప్రమాదం విమానం కన్నా చాలా ఎక్కువ. 2003లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఈ నియమం వల్ల విమానాల్లో ఏడాదికి 0.4 పసి ప్రాణాలు దక్కుతాయి. కానీ ఐదు నుంచి పది శాతం కుటుంబాలు కారుకు మారినా, దక్కిన వాటికన్నా రోడ్డు మీద పోయే ప్రాణాలే ఎక్కువవుతాయి.

లెక్కలో తప్పు లేదు. నేను చేసి చూశాను. ఆ తల్లి ముందు నిలబడి ఆ లెక్క చెప్పగలనా అంటే, చెప్పలేను. ఆమె బిడ్డ కళ్ల ముందు పోయాడు. రోడ్డు మీద బతికిన బిడ్డ ఎవరో ఎవరికీ తెలియదు, ఆ బిడ్డ తల్లికి కూడా తాను తప్పించుకున్నట్టు తెలియదు. మరి టికెట్ ఖర్చు వల్లే కదా కుటుంబాలు కారెక్కేది, ఆ సీటు ఉచితంగా ఇస్తే? అప్పుడు ఆ ఖర్చు మిగతా టికెట్ల మీద పడుతుంది. వాళ్లు ఒప్పుకోవాలా? ఇక్కడ ఇంజనీరు తన లెక్క ఇచ్చి చేతులు దులుపుకుంటే, ఆ లెక్కే నిర్ణయమైపోతుంది. తత్వశాస్త్రం చదివినవాడు లెక్క నేర్చుకోకుండా "ప్రాణానికి వెల కడతారా" అని కోప్పడితే, తెలియకుండానే రోడ్డు మీది పిల్లలను మరిచిపోతాడు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవాలి, చాలాసేపు కూర్చోవాలి.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్తాను. కామెట్ గురించి చెప్పకుండా విమాన ఇంజనీరు ఎవరూ మాట ముగించడు. ప్రపంచంలో ప్రయాణికులతో తిరిగిన మొదటి జెట్ విమానం. 1952 మే 2న సర్వీసు మొదలైంది. 1954 జనవరి 10న ఒకటి ఎల్బా దీవి దగ్గర గాల్లోనే ముక్కలై 35 మంది చనిపోయారు. కారణం తెలియలేదు. అయినా కొన్ని మార్పులు చేసి మార్చి 23న మళ్లీ ఎగరనిచ్చారు. 16 రోజులకు, ఏప్రిల్ 8న, నేపుల్స్ దగ్గర ఇంకొకటి కూలి 21 మంది పోయారు.

అప్పుడు ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరోలోని పరిశోధనా సంస్థ ఒక పెద్ద తొట్టి కట్టింది. ఒక నిజమైన కామెట్‌ను, రెక్కలు బయటకు ఉండేలా, ఆ తొట్టిలో ముంచి నీళ్లు నింపారు. లోపలికి నీళ్లు పంపు చేస్తూ, తీసేస్తూ, పైకెగిరి కిందికి దిగినప్పుడు విమానం ఉబ్బి తగ్గే తీరును రాత్రింబవళ్లు నటింపజేశారు. గాలితో చేస్తే విమానం ఒళ్లు పగిలినప్పుడు బాంబులా పేలి ఆనవాళ్లన్నీ పోతాయి. నీళ్లు అలా పేలవు, పగులు ఎక్కడ మొదలైందో అలాగే మిగులుతుంది. నిజంగా ఎగిరినవీ తొట్టిలో చేసినవీ కలిపి 3,057 ప్రయాణాలకు ఆ లోహపు ఒళ్లు చీలింది. మొదలు ఒక కిటికీ మూల దగ్గర. ఒత్తిడి మళ్లీ మళ్లీ పడి లోహం అలిసిపోయింది.

ఇక్కడ నన్ను ఇప్పటికీ పట్టి ఉంచే విషయం ఒకటుంది. కామెట్‌ను అమ్మే ముందు కూడా పరీక్షించారు. ఆ పరీక్షలో ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలబడింది. ఎలా? అదే నమూనాను అంతకు ముందు బలం చూడటానికి మామూలు ఒత్తిడికి రెట్టింపు దాకా ఉబ్బించారు. ఆ దెబ్బకు కిటికీ మూలల దగ్గరి లోహం కొద్దిగా సాగి, అలసటను తట్టుకునే శక్తి తెచ్చుకుంది. ప్రయాణికులు ఎక్కిన విమానాలకు ఆ భాగ్యం లేదు. పరీక్ష చేసినవాళ్లు ఎవరినీ మోసం చేయలేదు. మరింత జాగ్రత్త తీసుకోబోయి తమనే మోసం చేసుకున్నారు. పరిశోధన చేసే మీలో ప్రతి ఒక్కరూ మీ నమూనా అంతకు ముందు ఏమేం పడి వచ్చిందో రాసుకోండి, దయచేసి.

కామెట్ ప్రమాదాల మీద ఆలోచిస్తున్నవాళ్లలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకుడు డేవిడ్ వారెన్ ఒకరు. ఆయనది ఇంధనాల రసాయన శాస్త్రం. ఆయన తండ్రి క్రైస్తవ మిషనరీ. 1934 అక్టోబర్‌లో మిస్ హోబార్ట్ అనే విమానం బాస్ జలసంధి మీద మాయమైంది. అందులో ఆ తండ్రి ఉన్నారు. డేవిడ్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. తండ్రి ఇచ్చిన చివరి కానుక ఒక క్రిస్టల్ రేడియో. విమానం ఎందుకు పోయిందో ఎప్పటికీ తెలియలేదు.

కామెట్ మీటింగుల్లో కూర్చున్నప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. అంతకు ముందు ఒక ప్రదర్శనలో జేబులో పట్టే రికార్డర్ ఒకటి చూశారు. కూలిన విమానంలో అలాంటిది ఉండి, ఆ చివరి మాటలు మనం వినగలిగితే? 1954లో ఒక నోటు రాశారు. తర్వాత స్టీలు తీగ మీద నాలుగు గంటల మాటలు, మీటర్ల రీడింగులు నిలిచే నమూనా చేశారు. సొంత దేశంలో ఎవరూ పట్టించుకోలేదు. పైలట్ల సంఘం గట్టిగా వ్యతిరేకించింది. మా పక్కన గూఢచారిని కూర్చోబెట్టుకుని విమానం నడపం అన్నారు. 1960లో ఆస్ట్రేలియాలోని మకాయ్ దగ్గర విమానం కూలి 29 మంది చనిపోయాక, విచారణ జరిపిన న్యాయమూర్తి రికార్డర్లు పెట్టాలని సిఫార్సు చేశారు. కాక్‌పిట్ మాటల రికార్డర్‌ను తప్పనిసరి చేసిన మొదటి దేశం ఆస్ట్రేలియాయే.

పైలట్ల అభ్యంతరాన్ని కొట్టిపారేయకండి. మీ ఆఫీసులో మీరు మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతోందంటే మీరు ఒప్పుకుంటారా? ఆ అభ్యంతరం వల్లే ఇవాళ కొన్ని మంచి నియమాలున్నాయి. అమెరికాలో దర్యాప్తు సంస్థ ఆ గొంతులను జనానికి వినిపించకూడదు, అవసరమైన మాటల రాతప్రతి మాత్రమే ఇవ్వాలి. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలోని 13వ అనుబంధం, ప్రమాద దర్యాప్తు ఉద్దేశం మరో ప్రమాదాన్ని ఆపడమే తప్ప ఎవరి మీదా నేరం మోపడం కాదని స్పష్టంగా చెబుతుంది. శిక్ష పడుతుందనే భయం ఉన్నచోట ఎవరూ నిజం చెప్పరు. ఈ ఒక్క వాక్యం వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్క కట్టలేం. కానీ బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు "బాధ్యులెవరు" అని అడిగితే అదీ న్యాయమే కదా. ఇంకో చిక్కు చూడండి. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానానికి గాల్లో ఉండగా తలుపు ఉండాల్సిన చోటి మూత ఊడిపోయింది. అందరూ బతికారు. కాక్‌పిట్ మాటలు మాత్రం దొరకలేదు. రికార్డర్ రెండు గంటలే దాచుకుంటుంది, దాన్ని ఆపేలోపు పాత మాటల మీద కొత్తవి రికార్డయిపోయాయి. యూరప్ అప్పటికే కొత్త పెద్ద విమానాలకు 25 గంటలు తప్పనిసరి చేసింది. అమెరికాలో ఆ చట్టం వచ్చింది 2024లో.

విశ్వాసం సంగతికి వస్తాను. ఇంజనీరింగ్ సభలో ఈ మాట ఎత్తితే కొందరు సర్దుకుని కూర్చుంటారు. నేను మీకు మతం చెప్పను. ఒక పరిశోధకుడి కథ చెబుతాను. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. 1881లో పుట్టారు. క్వేకర్ల కుటుంబం. యుద్ధంలో ఆయుధం పట్టకూడదన్నది ఆ క్రైస్తవ శాఖ నమ్మకం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడిపారు. గాయపడినవాళ్లను మోసుకొచ్చి, మిగిలిన సమయంలో గడ్డి కుప్ప మీద కూర్చుని వాతావరణాన్ని లెక్కలతో ముందే చెప్పవచ్చా అని చేతితో లెక్కలు వేశారు. ఆ రాతప్రతి యుద్ధం గందరగోళంలో పోయి, కొన్ని నెలలకు బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది. ఆరు గంటల్లో గాలి పీడనం 145 మిల్లీబార్లు మారుతుందని ఆయన లెక్క చెప్పింది. నిజానికి దాదాపు ఏమీ మారలేదు. ఆ తప్పు ఫలితాన్ని ఆయన 1922లో పుస్తకంగా వేశారు. ఇవాళ మనం ఫోన్లో చూసుకునే వాతావరణ సూచన ఆ దారిలోనే వచ్చింది.

గాలి పొరలు ఎప్పుడు నిలకడగా ఉంటాయి, ఎప్పుడు చెదిరి సుడులు తిరుగుతాయి అన్నది చెప్పే ఒక సంఖ్యకు ఆయన పేరే ఉంది. మబ్బు లేని ఆకాశంలో విమానం హఠాత్తుగా కుదుపులకు లోనవుతుందే, దాన్ని ముందే అంచనా వేయడంలో రిచర్డ్‌సన్ సంఖ్యను వాడతారు. 1920లో ఆయన పనిచేస్తున్న బ్రిటన్ వాతావరణ శాఖను, వాయుసేనను చూసే మంత్రిత్వ శాఖ కిందికి మార్చారు. ఆయన ఉద్యోగం వదిలేశారు. తర్వాత తన గాలి సుడుల పరిశోధన మీద అందరికన్నా ఎక్కువ ఆసక్తి చూపేది విషవాయువుల నిపుణులని తెలిసింది. ఆ పని ఆపేసి, అచ్చుకాని కాగితాలను నాశనం చేశారని ఆయన భార్య చెప్పారు.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు యుద్ధాల మీద లెక్కలు వేశారు. దేశాలు ఎందుకు కొట్టుకుంటాయి, సరిహద్దు పొడవుకూ యుద్ధానికీ సంబంధం ఉందా అని చూశారు. సరిహద్దు పొడవులు వెతకబోతే, స్పెయిన్, పోర్చుగల్ మధ్య సరిహద్దు ఒక చోట 987 కిలోమీటర్లు, ఇంకో చోట 1,214 కిలోమీటర్లు అని ఉంది. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ పొడవు పెరుగుతుందని గమనించారు. అది తర్వాత గణితంలో పెద్ద శాఖకు దారి తీసింది. ఆయన్ను అక్కడికి నడిపించింది యుద్ధం వద్దన్న నమ్మకం. ఆయన కాగితాలు నాశనం చేయడం వల్ల విజ్ఞానం నష్టపోయిందా? కొంత పోయే ఉంటుంది. నేనైతే ఆ పని చేయగలిగి ఉండేవాడినో లేదో చెప్పలేను.

గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ దారి ఇంకోలా సాగింది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు విమానం తర్వాతి క్షణంలో ఎక్కడుంటుందో అంచనా వేసే లెక్క మీద పనిచేశారు. 1947లో, ఒక విమాన కంపెనీలో క్షిపణుల మీద పనిచేసే పరిశోధకుడు ఆయన పాత పేపరు అడిగితే, ఇవ్వనని పత్రికాముఖంగా చెప్పారు. 1949లో కార్మిక సంఘం నాయకుడు వాల్టర్ రూథర్‌కు, యంత్రాలు మనుషుల పనిని తినేయబోతున్నాయి, ముందే సిద్ధపడండి అని ఉత్తరం రాశారు. 1964లో వచ్చిన ఆయన చివరి పుస్తకం యంత్రాలకూ మతానికీ మధ్య ఉన్న ప్రశ్నల మీద. అందులో ఆయన పట్టుకున్న భయం మనకు భస్మాసురుడి కథలో ఎప్పటి నుంచో ఉంది. వరం అడిగినట్టే ఇస్తుంది, అక్షరాలా ఇస్తుంది. ముక్కును కిందికి దించమన్నారు, ఎంక్యాస్ దించింది.

చివరగా ఒక మనిషి గురించి చెప్పి ఆపుతాను. బాబ్ ఎబెలింగ్. ఛాలెంజర్ స్పేస్ షటిల్‌కు బూస్టర్ రాకెట్లు చేసిన కంపెనీలో ఇంజనీరు. రాకెట్ భాగాల మధ్య ఉండే రబ్బరు వలయాలు చలిలో బిగుసుకుపోతే వేడి వాయువు బయటికి వస్తుందని ఆయనకూ తోటివాళ్లకూ భయం. 1985 అక్టోబర్‌లో ఆయన రాసిన మెమో మొదటి మాటే "హెల్ప్". 1986 జనవరి 27 రాత్రి ఫోన్ సమావేశంలో ఇంజనీర్లు మర్నాటి ప్రయోగం వద్దన్నారు. అంతకు ముందు అతి చల్లగా ఉన్నప్పుడు ఎగిరింది 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రేపు అంతకన్నా చాలా తక్కువ ఉంటుందన్నారు. పైవాళ్లు మాత్రం ప్రయోగానికే సరే అనేశారు. ఆ రాత్రి ఎబెలింగ్ ఇంటికి వెళ్లి భార్యతో, అది పేలిపోతుంది అన్నారు.

మర్నాడు తోటి ఇంజనీరు రోజర్ బోయ్‌జొలీతో కలిసి తెర ముందు కూర్చున్నారు. రాకెట్ పైకి లేచింది. అసలు ప్రమాదం అక్కడే అనుకున్న క్షణం దాటిపోయింది. అరవై సెకన్ల దగ్గర ఎబెలింగ్ బోయ్‌జొలీతో, ఇప్పుడే దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను అన్నారు. ఇంకో పదమూడు సెకన్లకు ఛాలెంజర్ ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు.

నైతికత పాఠాల్లో ఈ ఘటన ఎప్పుడూ ఉంటుంది. ఆ రాత్రి సమావేశం గురించి ఎన్నో పేపర్లు వచ్చాయి. ఎబెలింగ్ కొన్నాళ్లకు ఉద్యోగం మానేసి, పక్షుల సంరక్షణ కేంద్రంలో ఏళ్ల తరబడి స్వచ్ఛందంగా పనిచేశారు. ముప్పై ఏళ్లయ్యాక, 2016 జనవరిలో, ఒక రేడియో విలేఖరితో మాట్లాడుతూ, దేవుడు చేసిన పొరపాట్లలో ఇదొకటి, ఆ పనికి నన్ను ఎంచుకోకుండా ఉండాల్సింది అన్నారు. ఆయన దగ్గరికి వెళ్లాక, నన్నెందుకు పెట్టావని అడుగుతాను అన్నారు. తను చేతకానివాడినని ఆయన నమ్మకం. ఆయన చెప్పాల్సింది చెప్పారు, రాయాల్సింది రాశారు. డేటా సరిపోలేదన్నది పైవాళ్ల మాట. ఆ మాటను ముప్పై ఏళ్లు తన మీదే వేసుకున్నారు.

అది విన్నవాళ్ల నుంచి వందల ఉత్తరాలు వచ్చాయి. ఆ రాత్రి ఆయన ఫోన్ అందుకున్న పై అధికారి అలన్ మెక్‌డొనాల్డ్ కూడా మాట్లాడారు. నువ్వు ఫోన్ చేయకపోతే ఆపడానికి ప్రయత్నించే అవకాశం కూడా మాకు ఉండేది కాదన్నారు. చేతకానివాడంటే, చేయగలిగీ చేయనివాడు, పైగా దాని గురించి పట్టించుకోనివాడు అన్నారు. మనసులోని బాధ తేలికపడిందని ఎబెలింగ్ ఆ ఉత్తరాలు రాసినవాళ్లకు కబురు చెప్పారు. మార్చి 21న, 89 ఏళ్ల వయసులో, చనిపోయారు.

ఆయన దేవుణ్ని అడగాలనుకున్న ప్రశ్నకు నా సబ్జెక్టులో జవాబు లేదు. మీలో ఎవరి సబ్జెక్టులోనైనా ఉంటే నాకు వినాలని ఉంది. ఇక మీరు మాట్లాడండి. మైకు ముందు ఆ వెనక వరుసల వాళ్లకు ఇవ్వండి.